అమెరికా క్యారియర్ లాక్ ఐఫోన్ 14: బెంగళూరులో రెండేళ్లు వాడాక

కెమెరా, స్క్రీన్, వేగం గురించి చెప్పాల్సింది తక్కువే. రెండేళ్ల తర్వాతా బాగున్నాయి, బ్యాటరీ హెల్త్ 86 శాతం చూపిస్తోంది. చెప్పాల్సిందంతా లాక్ గురించి. అమెరికాలో క్యారియర్ (మొబైల్ నెట్‌వర్క్ కంపెనీ) దగ్గర వాయిదాల మీద తీసుకున్న ఫోన్ సాధారణంగా బాకీ తీరేదాకా ఆ క్యారియర్ సిమ్‌నే ఒప్పుకుంటుంది. బెంగళూరులో మనవాళ్లు అక్కడున్న అన్నయ్యతోనో బావతోనో తెప్పించుకునేవాటిలో ఇలాంటివి చాలా ఉంటాయి. లాక్ తీయించకుండా ఇక్కడికొస్తే అది వైఫై ఉన్నచోట మాత్రమే పనికొచ్చే ఫోన్.

చేతికి రాగానే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి, కిందికి జరిపి క్యారియర్ లాక్ అన్న వరుస చూడండి. ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉంటే దిగులు లేదు. ‘సిమ్ లాక్డ్’ అని ఉంటే ఇక్కడి షాపుల వల్ల అయ్యే పని కాదు. ఎందుకంటే లాక్ వివరం మీ ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) మీద ఆపిల్ సర్వర్లో నమోదై ఉంటుంది, దాన్ని తీసేయమని చెప్పగలిగేది ఆ క్యారియర్ ఒక్కటే. సాధారణంగా ముందు వాయిదాలన్నీ కట్టేయాలి. అక్కడి క్యారియర్లలో ఒకటైన ఏటీ అండ్ టీ అయితే ఫోన్ తన నెట్‌వర్క్‌లో 60 రోజులు నడిచి ఉండాలని కూడా అడుగుతుంది. ఖాతా కొన్నవాళ్ల పేరు మీద ఉంటుంది కాబట్టి, వాళ్లు ఫోన్‌ను సూట్‌కేసులో పెట్టకముందే ఈ పని ముగించాలి.

అన్‌లాక్ అయిందని మెయిల్ వచ్చాక కూడా ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ అని రావచ్చు. అప్పుడు బ్యాకప్ తీసి, ఫోన్ మొత్తం ఎరేజ్ చేసి, వైఫై మీద మళ్లీ యాక్టివేట్ చేయాలి. ఆ సమయంలోనే ఫోన్ సర్వర్ నుంచి కొత్త అనుమతి తెచ్చుకుంటుంది. పాత మోడళ్లకు సిమ్ కింద పెట్టే పలచని చిప్పులు దొరికేవి. అవి లాక్‌ను మోసం చేస్తాయే గాని తీయవు, ఒక్క అప్‌డేట్‌తో చచ్చిపోతాయి. అమెరికా ఐఫోన్ 14కు సిమ్ ట్రేనే లేదు కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది.

ట్రే లేకపోవడమే రోజువారీ వాడకంలో ఎక్కువ తెలుస్తుంది. జియో, ఎయిర్‌టెల్ రెండూ ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్ లోపలే నడిచే సిమ్) ఇస్తాయి, ఒకేసారి రెండు నడుస్తాయి, ఆ వరకు బాగుంది. *#06# కొడితే ఐఎంఈఐతో పాటు 32 అంకెల ఈఐడీ (ఈసిమ్ చిప్ గుర్తింపు సంఖ్య) కూడా కనిపిస్తుంది. రెండూ ముందే రాసిపెట్టుకోండి. కానీ సిమ్ మార్చాక 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆగుతాయి, అంటే బ్యాంకు ఓటీపీలూ రావు. అద్దె కట్టే రోజున మార్పిడి పెట్టుకోకండి. ఫోన్ పాడైతే సిమ్ తీసి పాత ఫోన్లో వేసుకునే వీలు ఉండదు. ఆ నంబరునే బ్యాంకులకు ఇచ్చి ఉన్నవాళ్లకు ఇది నిజంగా ఇబ్బంది. నా సలహా, బ్యాంకు నంబరును మామూలు సిమ్‌గా వేరే చిన్న ఫోన్లో ఉంచడం.

ఒకే క్యారియర్‌కు ఫోన్‌ను అప్పగించడం న్యాయమేనా అన్న వాదన 2007 నుంచీ ఉంది. అమెరికాలో మొదటి ఐఫోన్ ఏటీ అండ్ టీకే దక్కింది. విజువల్ వాయిస్‌మెయిల్ (వచ్చిన వాయిస్ మెసేజ్‌లను స్క్రీన్ మీద జాబితాగా చూపేది) లాంటివాటికి నెట్‌వర్క్ వైపు కూడా మార్పులు చేయాల్సి వచ్చింది కాబట్టి ఆ ఒప్పందానికి కొంత కారణం ఉంది. 2011లో ఇంకో క్యారియర్ వెరిజాన్‌కు వచ్చేదాకా అక్కడివాళ్లకు వేరే దారి లేకపోయింది. అయినా వాళ్లకు ఐఫోన్ 3జీ రెండేళ్ల ఒప్పందం మీద 199 డాలర్లకే వచ్చింది. మన దగ్గర 2008 ఆగస్టులో ఎయిర్‌టెల్, వొడాఫోన్ అమ్మినప్పుడు 8 జీబీ ఫోన్ 31,000 రూపాయలు. పైగా అప్పటికి మన ప్రైవేటు నెట్‌వర్కుల్లో 3జీయే లేదు. లాక్ వేసేవాడు ధరలో తగ్గింపు ఇవ్వాలి. అది ఇవ్వకపోతే ఆ లాక్‌ను నేను సమర్థించలేను. 2017లో జియో తెచ్చిన కీప్యాడ్ ఫోన్ జియోఫోన్ కూడా జియో సిమ్‌కే కట్టుబడింది గాని, 1,500 రూపాయలు తిరిగొచ్చే డిపాజిట్‌గానే తీసుకుంది. ఆ లెక్క ఒప్పుకోవచ్చు.

బెంగళూరులో లాక్ లేకపోవడం ఎందుకు ముఖ్యమంటే, ఒక్క నెట్‌వర్క్ అన్నిచోట్లా అందదు. 3300 మెగాహెర్ట్జ్ 5జీ బయట బాగా పరుగెత్తుతుంది, అపార్ట్‌మెంట్ లోపలి గదికి, సెల్లార్ పార్కింగ్‌కు వచ్చేసరికి నీరసిస్తుంది. 700, 850, 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ బ్యాండ్లు గోడలు దాటుతాయి, అవి ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉన్నాయి. అందుకే రెండు వేర్వేరు కంపెనీల లైన్లు పెట్టుకుని, రెండింటికీ వైఫై కాలింగ్ ఆన్ చేస్తే ఇంట్లో కాల్ తెగదు.

క్యారియర్ ముద్రతో వచ్చే ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంకో చిక్కు. అన్‌లాక్ అయినా ఫర్మ్‌వేర్‌లో (ఫోన్ లోపలి సాఫ్ట్‌వేర్‌లో) మన కంపెనీల వోల్టే, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే పద్ధతి, సెట్టింగులు లేకపోవచ్చు. జియోకు 2జీ, 3జీ లేవు కాబట్టి డేటా నడుస్తుంది గాని కాల్ కలవదు. ఎయిర్‌టెల్‌లో కాల్ 2జీకి దిగుతుంది, మాట్లాడినంతసేపూ డేటా ఆగుతుంది. డబ్బు చేతికి ఇచ్చేముందు రెండు సిమ్‌లతోనూ ఒక్కో కాల్ చేసి, మాట్లాడుతూనే ఏదైనా పేజీ తెరిచి చూడండి.