సూపర్ మార్కెట్ సొంత బ్రాండా, పేరున్న కంపెనీదా: నల్లగొండలో రెండేళ్ల వాడకం తర్వాత

కంటికి గింజగా కనిపించే సరుకు ఏదైనా సూపర్ మార్కెట్ వాళ్ల సొంత బ్రాండ్‌లో ధైర్యంగా తీసుకోవచ్చు. పొడి కొట్టింది, నాలుగు రకాలు కలిపి తయారు చేసింది అయితే మాత్రం ఆగి చూసుకోవాలి. రెండేళ్లకు పైగా రెండు రకాల సరుకూ పక్కపక్కన పెట్టుకుని వండాక నాకు తేలిన సంగతి ఇది.

మా ఇంట్లో ఆరుగురం. అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. ఒకప్పుడు ప్రకాశం బజార్‌లోని కిరాణం దుకాణంలో చీటీ రాసిస్తే నెల సరుకు ఇంటికొచ్చేది. సూపర్ మార్కెట్లు వచ్చాక మెల్లగా అటు మళ్లాం. అక్కడ ఒకే అరలో మూడు ధరల కందిపప్పు కనిపిస్తుంది. ఏది తీసుకోవాలని అడిగితే చుట్టాల్లో కొందరు "చవకది నాసిరకం, ముట్టుకోకు" అంటారు. ఇంకొందరు "అన్నీ ఒకే మిల్లులో పట్టినవే, పేరుకే డబ్బులు" అంటారు. ఈ రెండు మాటల్లో ఏదీ అన్ని సరుకులకూ వర్తించదు.

కందిపప్పు సంగతి ముందు చెప్తా. మా ఇంట్లో పప్పు లేని రోజు ఉండదు, తేడా బాగా తెలిసేదీ ఇందులోనే. పేరున్న కంపెనీ అన్‌పాలిష్డ్ పప్పుకీ స్టోర్ బ్రాండ్ (సూపర్ మార్కెట్ వాళ్ల సొంత బ్రాండ్) పప్పుకీ కిలోకు 40, 50 రూపాయల తేడా ఉంటుంది. రెండూ పళ్లెంలో పోస్తే స్టోర్ బ్రాండ్ పప్పు నిగనిగలాడుతుంది. అన్‌పాలిష్డ్ పప్పు కాస్త వెలిసినట్టు, మీద సన్నటి పిండి అంటుకున్నట్టు ఉంటుంది. ఆ నిగనిగ పాలిష్ వల్ల వచ్చిందే తప్ప అదేమీ మంచి పప్పుకు గుర్తు కాదు. ఒకే కుక్కర్లో రెండు స్టీలు గిన్నెలు పెట్టి, రెండింట్లో సమానంగా పప్పు, సమానంగా నీళ్లు పోసి ఉడికించాను. మూడు విజిళ్లకు అన్‌పాలిష్డ్ పప్పు గరిటె వెనకతో ఒత్తగానే మెత్తగా కలిసిపోయింది. స్టోర్ బ్రాండ్ పప్పు అంచులు కరిగినా నడుమ పలుకు మిగిలింది, ఇంకో రెండు విజిళ్లు పట్టింది. అలా ఉడికించాక పాలకూర పప్పు చేసి పెడితే ఏది ఏదో మామయ్య పోల్చుకోలేకపోయారు. ముద్దపప్పులో నెయ్యి వేసుకుని తింటే మాత్రం తెలిసిపోతుంది, అన్‌పాలిష్డ్ పప్పుకు కమ్మదనం ఎక్కువ. అందుకని రోజూ పప్పులోకి, చారులోకి స్టోర్ బ్రాండ్ వాడుతున్నా. ముద్దపప్పు చేసే రోజుకి ఖరీదైనది ఓ కిలో విడిగా పెట్టుకుంటా.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా బోరు నీళ్లలో ఎంత ఖరీదైన పప్పైనా మొండికేస్తుంది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే పప్పు త్వరగా మెత్తబడదు. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లలో అదే పప్పు తేలిగ్గా ఉడుకుతుంది. మన జిల్లాలో ఎవరైనా పప్పు ఉడకలేదని బ్రాండ్ మార్చే ముందు నీళ్లు మార్చి చూడండి.

తాండూరు కందిపప్పు దొరికితే ఈ రెండూ పక్కన పెట్టి దాన్నే తెచ్చుకుంటాం. 2022లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకన్న గుర్తింపు వచ్చింది. ఆ రుచి వేరు, ఉడకడమూ వేరు. కొత్త కంది సంక్రాంతి ముందూ వెనకా మార్కెట్లోకి వస్తుంది కాబట్టి ఆ తర్వాత నెలల్లో కొంటే మంచిది. ఏ ప్యాకెట్ మీదైనా ఉండేది ప్యాక్ చేసిన తేదీనే కానీ పంట కోసిన తేదీ కాదు. పాతబడ్డ పప్పు ఎవరి పేరు మీద అమ్మినా ఆలస్యంగానే ఉడుకుతుంది.

పెసరపప్పు, శనగపప్పు, మినపగుండ్లు, పల్లీలు, ఆవాలు, మెంతులు, జీలకర్ర, చక్కెర, ఉప్మా రవ్వ వీటన్నిట్లో స్టోర్ బ్రాండ్‌కి మారి చాలా కాలమైంది, వెనక్కి వెళ్లే ఆలోచన లేదు. పుల్ల, రాయి, పుచ్చు ఉంటే ప్యాకెట్ పైనుంచే కనిపిస్తాయి. ఉప్పు ఏదైనా ఒకటే, కొనేవాళ్ల చేతికొచ్చేసరికి 15 పీపీఎం (పది లక్షల పాళ్లలో 15 పాళ్లు) అయోడిన్ ఉండాలన్న నిబంధన అందరికీ ఉంది. పల్లీలు మాత్రం వనపర్తి, గద్వాల వైపు చుట్టాలుంటే యాసంగి పంటవి అక్కడి నుంచే తెప్పించుకోండి.

మంచినూనె దగ్గర చాలామంది అనవసరంగా భయపడతారు. మన దేశంలో వాడే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం రష్యా, ఉక్రెయిన్, అర్జెంటీనాల నుంచి ముడి నూనెగా ఓడల్లో వస్తుంది. కాకినాడ లాంటి రేవుల దగ్గర శుద్ధి చేస్తారు. శుద్ధి అయ్యాక దానికి రుచి, వాసన పెద్దగా మిగలవు. సంక్రాంతికి సకినాలు సగం ఒక నూనెలో, సగం ఇంకో నూనెలో కాల్చాం. పీల్చుకోవడంలో గానీ, కరకరలో గానీ, వారం తర్వాత వాసనలో గానీ అత్తమ్మకీ నాకూ తేడా కనిపించలేదు. నూనెలో చూడాల్సింది బరువు. లీటరు పొద్దుతిరుగుడు నూనె 910 గ్రాముల దగ్గర తూగుతుంది. అదే ఎత్తు, అదే వెడల్పు ఉన్న కొన్ని ప్యాకెట్లలో 850 గ్రాములే ఉంటుంది. ధర మాత్రం నాలుగైదు రూపాయలే తక్కువ ఉంటుంది. ఇప్పుడు ప్యాకెట్ మీద గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా ముద్రిస్తున్నారు. ఆ చిన్న అక్షరాలు చూసి పోల్చుకోండి. విటమిన్ ఎ, డి కలిపిన నూనె అయితే ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటుంది, చాలా స్టోర్ బ్రాండ్ల మీదా అది ఉంది. పల్లీ నూనె సంగతి వేరు, దాని రుచి గింజను బట్టి ఉంటుంది కాబట్టి గానుగ దగ్గరే పట్టించుకుంటాం.

ఇక పొడులు. కారం, పసుపు, ధనియాల పొడి స్టోర్ బ్రాండ్‌వి నేను వద్దంటాను. పేరున్న కంపెనీ పొడులు వాటికంటే నయమే, ఒక చెంచా తక్కువ వేసినా కూరకు రంగు, ఘాటు వస్తాయి. గ్లాసు నీళ్లలో చిటికెడు కారం చల్లి చూశాను. కృత్రిమ రంగు కలిస్తే ఎర్రటి చారలు వెంటనే కిందికి దిగుతాయంటారు. నేను చూసిన వాటిలో ఏదీ అలా దిగలేదు. అంటే కల్తీ అని నేననడం లేదు. కానీ ఒక స్టోర్ బ్రాండ్ ధనియాల పొడి మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ధనియాల వాసనే రాలేదు. వాసన పోయిన పొడి ఎంత వేసినా కూర చప్పగానే ఉంటుంది. మాకు గిర్నీ ఇంటికి దగ్గరే. ఎండాకాలంలో మిరపకాయలు తెచ్చి, తొడిమలు తీసి, ఎండబెట్టి పట్టించుకుంటే ఏడాదికి సరిపోతుంది. ధనియాలు, పసుపు కొమ్ములు కూడా అంతే. లెక్క వేస్తే బ్రాండ్ కారం కంటే తక్కువే పడుతోంది.

గోధుమ పిండిలో పేరున్న కంపెనీదే మేలు. స్టోర్ బ్రాండ్ పిండితో చేసిన చపాతీ పొద్దున బాగానే ఉంటుంది, పిల్లలు మధ్యాహ్నం డబ్బా తెరిచేసరికి అంచులు గట్టిపడతాయి.

చాపత్తా విషయంలో మామయ్య మాటే చివరి మాట. స్టోర్ బ్రాండ్ చాపత్తాకు రంగు త్వరగా దిగుతుంది, కానీ పాలు పోశాక పస ఉండదు. పస కోసం ఒకటిన్నర రెట్లు వేయాల్సి వచ్చింది, దాంతో మిగిలిందేమీ లేదు. జెమిని, రెడ్ లేబుల్ లాంటివి ఎందుకు ఇన్నేళ్లు నిలబడ్డాయో కప్పు తాగితే అర్థమవుతుంది. ఆకు రకాలు కలిపి ఏడాది పొడుగునా ఒకే రుచి తేవడం అనుభవం మీద వచ్చే పని, దానికి డబ్బులివ్వడం న్యాయమే.

ఒంటి సబ్బు మీద టీఎఫ్ఎం అని ఉంటుంది, కొవ్వు శాతం అన్నమాట. 76 శాతం, ఆపైన ఉంటే గ్రేడ్ 1. 70 ఉంటే గ్రేడ్ 2. కొన్ని సబ్బుల మీద బాతింగ్ బార్ అని మాత్రమే రాస్తారు, వాటిలో కొవ్వు ఇంకా తక్కువ. పేరు, సువాసన పక్కన పెట్టి ఈ అంకె చూసి కొంటే సరిపోతుంది. బట్టల పొడి దగ్గర మళ్లీ మన బోరు నీళ్లే అడ్డం. చవక పొడి ఆ నీళ్లలో నురగే ఇవ్వదు, నల్లా నీళ్లలో అయితే ఫర్వాలేదు. అంట్ల సబ్బు చవకది తడికి ముద్దయిపోయి రెండింతలు అరిగింది. ఫినాయిల్, చెత్త సంచులు స్టోర్ బ్రాండ్‌వే తెచ్చుకోండి, ఆలోచించక్కర్లేదు.

పిల్లల తిండి దగ్గర నాకు టెన్షన్ ఎక్కువ, అందుకే వెనక రాసింది పూర్తిగా చదువుతా. ప్యాకెట్ మీద పదార్థాలు బరువు ప్రకారం రాస్తారు, ఎక్కువ ఉన్నది ముందు. నేను కొన్న ఒక చవక టమాటా సాస్‌లో మొదట నీళ్లు, తర్వాత చక్కెర, ఆ తర్వాతే టమాటా. బిస్కెట్లలో పేరున్నవీ పేరులేనివీ చాలావరకు మైదా, చక్కెర, పామ్ నూనే. అక్కడ ఖరీదైనది కొన్నంత మాత్రాన పిల్లల ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు.

బియ్యం ఈ పోలికలోకే రాదు. మిర్యాలగూడ మిల్లులు పక్కనే పెట్టుకుని సూపర్ మార్కెట్లో అయిదు కిలోల సంచి కొనడం దేనికి? 2022 జూలై నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ ఉంది. ఆ పన్ను పడకుండా మిల్లులవాళ్లు 26 కిలోల బస్తాలు తెచ్చారు. విడిగా తూచి ఇచ్చే పప్పు మీద కూడా ఆ పన్ను లేదు. అందుకని పప్పు కొనే ముందు పాత కిరాణంలో ధర కూడా అడుగుతా, కొన్ని నెలలు అక్కడే తక్కువ.

స్టోర్ బ్రాండ్ల అసలు ఇబ్బంది నిలకడ. చాలా సరుకులు సూపర్ మార్కెట్ వాళ్లు తయారు చేయరు, ఎవరితోనో ప్యాక్ చేయిస్తారు. వెనక "మార్కెటెడ్ బై" అని ఒక పేరు, "ప్యాక్డ్ బై" అని ఇంకో పేరు ఉంటాయి. పోయిన నెల బాగున్న శనగపప్పు ఈ నెల పుచ్చులతో వచ్చిందంటే చాలాసార్లు ప్యాక్ చేసిన చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) లైసెన్స్ నంబరు మారి ఉంటాయి. నచ్చిన ప్యాకెట్ వెనక వైపు ఫోటో తీసి ఫోన్లో పెట్టుకుంటున్నా. చిరునామా మారితే అరకిలోనే తెస్తా, అది ఉడికించి చూశాకే మిగతాది.