సీటు కింద సబ్‌వూఫర్: సీఎన్జీ వ్యాగన్ఆర్‌ల డిక్కీ పోకుండ బేస్ వస్తదా?

ముందుగాల సూటిగ చెప్పేస్త, సబ్‌వూఫర్ (బేస్ కోసమే పెట్టే స్పీకర్ డబ్బ) సీటు కింద పెడితే డిక్కీల ఇంచు జాగ కూడ పోకుండ బేస్ వస్తది. కాని ఎంత వస్తది, ఏది రాదు అన్నది తెల్సుకోని పైసలు పెట్టుండ్రి, లేకపోతే షాపోళ్ల మీద లొల్లి పెట్టుకుంటరు.

మాది వ్యాగన్ఆర్ సీఎన్జీ, ఉండేది హన్మకొండ. సీఎన్జీ బండి ఉన్నోళ్లకు వేరే చెప్పే పని లేదు, 60 లీటర్ల సిలిండర్ డిక్కీల అడ్డంగ కూసున్నంక మిగిలేది రెండు బ్యాగుల జాగ. గా మిగిలిన దాంట్ల కూడ సబ్‌వూఫర్ బాక్స్ పెడితే ఇగ మేడారం జాతరకు పొయ్యేటప్పుడు బెల్లం, గిన్నెలు, చాపలు, దుప్పట్లు అన్నీ మనుషుల ఒళ్లెనే. ఒక షాపాయన అయితే సిలిండర్ మీద చెక్క కొట్టి దాని మీద 12 ఇంచుల బాక్స్ బిగిస్త అన్నడు, వాల్వు కాడికి చెయ్యి ఎట్ల పోవాలె అన్నా అంటే నవ్విండు. గ్యాస్ లీకయితే ముందుగాల బంద్ చేసేది గా వాల్వే గదా, అది దొరకకుంట చేస్తరా ఎవరన్న? అక్కడి నుంచి వచ్చేసిన.

నేను తీస్కున్నది పయనీర్ టీఎస్-డబ్ల్యూఎక్స్130డీఏ. ఇది యాక్టివ్ సబ్‌వూఫర్, అంటే ఆంప్లిఫయర్ లోపల్నే ఉంటది, వేరేగ ఆంప్ పెట్టి దానికో జాగ ఎతుక్కునే కిరికిరి లేదు. ఎత్తు 7 సెంటీమీటర్లు, పొడుగు 28, వెడల్పు 20. డబ్బ మీద పెద్దగ 160 వాట్స్ అని ఉంటది, అది మ్యాక్సిమమ్ లెక్క. అసలు లెక్క 50 వాట్స్. అన్ని కంపెనీలోళ్లు డబ్బ మీద గిట్లనే పెద్ద నంబరు రాస్తరు, మీరు ఏది కొన్నా ఆర్ఎంఎస్ లేకపోతే నామినల్ (ఆగకుండ ఇయ్యగలిగే పవర్) అన్న చిన్న నంబరు ఎంతుందో చూడుండ్రి. ఇంకొంచెం జోరు కావాలంటే జేబీఎల్ బేస్‌ప్రో ఎస్ఎల్2 ఉన్నది, అది 125 వాట్స్ ఆర్ఎంఎస్, 8 ఇంచుల కోన్ (ఊగి సౌండు చేసే పొర), రేటు కూడ అట్లనే ఎక్కువ. నాకు ఇంట్ల పెద్దోళ్లు ఎనక కూసుంటరు కాబట్టి అంత అక్కర్లేదనిపించింది.

కొనే ముందు స్కేలు పట్టుకోని సీటు కింద కొలవాలె. ఖాళీ సీటు కింద కొలిస్తె సరిపోదు, మనిషి కూసుంటే సీటు కింది తీగలు కిందికి దిగుతయి. మా మామయ్యను, ఆయన మంచి బరువే, ముందు ఎడమ సీట్ల కూసోబెట్టి కొలిచినం, సీటు ముందుకు ఎనకకు జరిపి రెండు చోట్ల చూసినం. కొన్ని కార్లల సీటు కిందికెళ్లి ఎనకోళ్లకు ఏసీ గాలి పొయ్యే డక్ట్ ఉంటది, అది ఉంటె ఇగ కథ అక్కడ్నే ఖతం. ఇంకొకటి, ఎనక కూసునేటోళ్లు కాళ్లు సీటు కిందికి చాపుతరు, గా జాగ మాత్రం పోతది. మా అత్తమ్మ ఇప్పుడు కుడి దిక్కే కూసుంటది, డ్రైవర్ సీటు ఎనక. ఆమెకు అదే నచ్చింది అంటది గాని నాకు అనుమానమే.

బేస్ ఎడమ దిక్కు నుంచే వస్తదేమో అనుకుంటరు. రాదు. 80 హెర్ట్జ్ (సెకనుకు 80 ఊపులు) కింద ఉండే లోతు సౌండు ఎటు నుంచి వస్తుందో మన చెవి పట్టలేదు, గందుకే దాన్ని ఏ మూలకు పెట్టినా నడుస్తది. దీనికి క్రాస్ఓవర్ (ఎన్ని హెర్ట్జ్ కింద సౌండు సబ్‌కు పోవాలె అన్నది) తిప్పుడు ఉంటది, దాన్ని 80 కాడ పెట్టినం. ఫేజ్ అని (కోన్ ముందుకు ఎనకకు ఊగే వరస తిరగేసేది) 0, 180 స్విచ్చు ఒకటి ఉంటది, రెండింట్ల ఏది పెడితే బేస్ నిండుగ అనిపిస్తె అది ఉంచుకోవాలె, దానికి వేరే లెక్కేం లేదు, చెవే లెక్క.

ఇప్పుడు అసలు ముచ్చట. నేను సబ్ కంటె ఎక్కువ ఖుష్ అయింది డోర్లకు డ్యాంపింగ్ (రేకు వణకకుంట అంటిచ్చే షీట్) వేయించినంక. ఫిట్టింగ్ చేసిన తమ్ముడు ముందే చెప్పిండు, అన్నా సబ్ తర్వాత పెట్టుకుందాం, ముందుగాల డోర్లు చేద్దాం అని. ఎందుకంటే స్పీకర్ కోన్ ముందుకు కొట్టినంత సౌండు ఎనకకు కూడ కొడ్తది, డోర్ లోపలి రేకుకు పెద్ద పెద్ద తూట్లుంటయి, ఎనక సౌండు ఆ తూట్లలకెళ్లి బయటికొచ్చి ముందు సౌండుతోటి కొట్లాడి రెండూ పోతయి. పొయ్యేది ఎక్కువగ బేసే. గా తూట్లు మూసి, రేకు మీద బ్యూటైల్ (రబ్బరు తీరు బంక) షీట్ అంటిచ్చి రోలర్‌తోటి రుద్దినంక పాత స్పీకర్లే వేరే తీరుగ మోగినయి. కిందికి నీళ్లు పొయ్యే రంధ్రాలు మాత్రం మూయనియ్యకుండ్రి, వానకాలం అద్దం సందుల నుంచి నీళ్లు దిగుతయి, బయటికి పోకపోతే డోర్ తుప్పు పడ్తది. డోర్ మూస్తే డబ్బా చప్పుడు కూడ పోయింది, పెద్ద కారు డోర్ లెక్క దబ్ మంటది. ములుగు దిక్కు పోతుంటే టైర్ల హోరు కూడ జర తగ్గింది, కాని డోర్లకు చేస్తె అంతే తగ్గుతది, నేల నుంచి వచ్చేది అట్లనే ఉంటది.

ముందు డోర్లకు 6.5 ఇంచుల కోయాక్సియల్ (పెద్ద కోన్ మధ్యల్నే సన్న సౌండుకు చిన్న స్పీకర్ ఉండే) స్పీకర్లు మార్చినం. కంపెనీ స్టీరియోకు నిజంగ ఉండే బలం 15, 20 వాట్స్, గందుకని 90 డీబీ (డెసిబెల్) సెన్సిటివిటీ, అంటే తక్కువ పవర్‌కే ఎంత గట్టిగ మోగుతదో ఆ లెక్క, దాని పైన ఉన్నవే తీస్కోవాలె. 3 డీబీ తక్కువ ఉంటె అంతే సౌండుకు డబల్ పవర్ కావాలె, అది స్టీరియో యాడికెల్లి తెస్తది పాపం. ఎనక డోర్ల జోలికి పోలే.

వైరింగ్ కాడ మాత్రం దగ్గర నిలబడుండ్రి. పవర్ వైరు బ్యాటరీ నుంచి సీదా రావాలె, ఫ్యూజు బ్యాటరీ పక్కన్నే ఉండాలె, సబ్ కాడ పెడితే మధ్యల వైరు ఎక్కడన్న ఒరిసి షార్ట్ అయితే కాపాడేటోడు ఉండడు. రేకుల నుంచి వైరు పొయ్యే కాడ రబ్బరు గ్రోమెట్ (వైరు ఒరవకుంట తూటుకు పెట్టే రింగు) ఉండాలె. మాది సీఎన్జీ కాబట్టి గ్యాస్ పైపు పొయ్యే దిక్కు కాకుండ వేరే దిక్కు నుంచి గుంజిండు. కంపెనీ టచ్ స్టీరియోకు ఆర్సీఏ (ఆంప్‌కు సిగ్నల్ ఇచ్చే సాకెట్) లేదు, స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీస్కున్నరు, ఈ సబ్‌కు ఆ సౌకర్యం ఉన్నది. కంపెనీ వైర్లు కోసి టేపు చుడ్తమంటె ఒప్పుకోకుండ్రి, కప్లర్ (వైర్లు కోయకుంట కలిపే ప్లగ్గు) దొరుకుతది, రేపు వారంటీ కాడ మాట పడకుంట ఉంటది.

సౌండు ఎట్లున్నది అంటె, డీజే పాటల దుమ్ము లేపుతది అని చెప్తె అబద్ధం. గింత చిన్న కోన్ 30, 35 హెర్ట్జ్ కాడికి దిగదు, గుండెల మీద గుద్దినట్టు ఉండుడు దీంతోటి కాదు. గెయిన్ (సబ్ సౌండు పెంచే తిప్పుడు) మొత్తం పెంచి చూసిన, కింది నోట్లన్నీ కలిసి ఒకటే గుయ్యిమంటది, నంబర్ ప్లేటు కొట్టుకుంటది. సగం కింద ఉంచితే మాత్రం పాట నిండుగ ఉంటది, బేస్ గిటారు విడిగ తెలుస్తది, రోడ్డు హోరుల కూడ పోదు. డప్పు గురించి ఒక మాట చెప్పాలె, డప్పు దెబ్బ వచ్చేది సబ్ నుంచి కాదు, డోర్ల నుంచే. నేను సబ్ వైరు పీకి కూడ విన్న, దెబ్బ అట్లనే ఉన్నది. జానపదాలు, ఒగ్గు కథ, బతుకమ్మ పాటలే వినేటోళ్లు సబ్ కొనకుండ్రి, డ్యాంపింగూ ముందు స్పీకర్లూ చాలు. సినిమా పాటలు, రీమిక్సులు అయితే సబ్ పెట్టుకోండ్రి. వైరు రిమోట్ స్టీరింగ్ కింద పెట్టించిన, బతుకమ్మ పాట వస్తె అమ్మ కోసం సున్నాకు తిప్పుత.

పైసల ముచ్చట: సబ్ పన్నెండు, పదిహేను వేల మధ్యల దొరికింది, డ్యాంపింగ్, స్పీకర్లు, వైరింగ్, కూలి కలిపి ఇంకో అంత. పెట్రోల్ బండి ఉన్నోళ్లకు స్టెప్నీ చక్రం మధ్యల పట్టే సబ్‌లు కూడ ఉంటయి, డిక్కీ మ్యాట్ కిందనే పోతయి, కాని పంచర్ అయినప్పుడు దాన్ని ఇప్పాలె, రాత్రి పూట పరకాల రోడ్డు మీద గా పని ఊహించుకోండ్రి. పని చేయించడానికి ఆదివారం పోకుండ్రి, షాపు నిండ కొత్త బండ్ల సీటు కవర్ల పంచాయితే ఉంటది, డోర్ ప్యాడ్లు ఆగమాగం ఇప్పి క్లిప్పులు ఇరగ్గొడ్తరు. పొద్దుగాల్నే పోయి, డోర్ మూసే ముందు షీట్ ఫోటో తీపిచ్చుకోండ్రి.