టల్బాఖ్: భూకంపం తర్వాత పాతబడిన వీధి

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వెళ్లి వైన్ తోటలు చూస్తామంటే ఎవరైనా ఫ్రాన్ష్‌హుక్ పేరే చెబుతారు. అక్కడ ట్రామ్ ఎక్కితే తోట తర్వాత తోట తిప్పుతుంది, డ్రైవింగ్ టెన్షన్ ఉండదు. వైన్ రుచి చూడటమే పనైతే అక్కడికే వెళ్లండి. మేం మాత్రం సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, మూడు వైపులా కొండలున్న టల్బాఖ్‌కి కారులో వెళ్లి రాత్రి అక్కడే ఉన్నాం.

ఊరికి ప్రాణం చర్చ్ స్ట్రీట్. ఆ ఒక్క వీధిలోనే 32 చారిత్రక కట్టడాలున్నాయి. తెల్ల సున్నం గోడలు, గడ్డి కప్పులు, పైన వంపులు తిరిగిన ముందు గోడలు. ఇంత పాత ఇళ్లు ఇంత నీటుగా ఎలా ఉన్నాయా అనిపిస్తుంది. 1969 సెప్టెంబర్ 29 రాత్రి 6.3 తీవ్రతతో భూకంపం వచ్చి ఊరు బాగా దెబ్బతింది. ఆ తర్వాత గేవీ ఫాగన్ అనే ఆర్కిటెక్ట్ ఈ ఇళ్లను బాగుచేయించారు. విక్టోరియన్ కాలపు మార్పులు చాలావరకు తీసేసి, అంతకుముందున్న కేప్ డచ్ రూపం, అంటే ఇక్కడ స్థిరపడిన డచ్ వాళ్ల నాటి ఇళ్ల తీరు తెచ్చారు. అంటే భూకంపానికి ముందటి వీధి ఇంత పాతగా కనిపించేది కాదన్నమాట! కొందరు దీన్ని సెట్టింగ్ అంటారేమో కానీ, నాకు నచ్చింది.

1743లో మొదలుపెట్టిన పాత చర్చి ఇప్పుడు మ్యూజియం. దానికి చెందిన ఒక ఇంట్లో భూకంపం ఫొటోలున్నాయి. ముందు అవి చూసి, తర్వాత వీధిలో నడవండి. ఇంకోటి గుర్తుంచుకోవాలి: 1834లో బానిసత్వం రద్దయ్యేదాకా కేప్ తోటల్లో చాకిరీ ఎక్కువగా బానిసలదే.

తోటల్లో ఒక్కటే చూసే టైముంటే 1710 నాటి ట్వీ యోంగె గెజెలెన్ చూడండి. క్రోన్ బ్రాండ్ బుడగల వైన్ ఇక్కడిదే. షాంపేన్‌లాగే రెండోసారి సీసాలోనే పులియబెడతారు. ఎండకు పండు పాడవకుండా రాత్రిపూట ద్రాక్ష కోసే పద్ధతికి ఈ తోటకు పేరుంది.

బస విషయానికొస్తే, మందపాటి గోడల పాత ఇంట్లో గది బాగుంది. కానీ ఏసీ అని రాసి టేబుల్ ఫ్యాన్ పెట్టారు. కొండల మధ్య వేసవి ఎండ మామూలుగా ఉండదు, అక్కడ జనవరి అంటే వేసవే కాబట్టి అప్పుడు వెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేసి అడగండి. రాత్రి భోజనానికి తొందరగా బయల్దేరండి, మేం వెళ్లేసరికి రెండు చోట్ల వంటిల్లు కట్టేశారు. శాకాహారులకు దొరికింది పిజ్జా, సలాడ్. పచ్చడి సీసా బ్యాగులో ఉంటే ధైర్యం. వైన్ రుచి చూసేవాళ్లు తిరుగు ప్రయాణానికి వేరే డ్రైవర్‌ని ముందే మాట్లాడుకోండి, ఊళ్లో అప్పటికప్పుడు క్యాబ్ దొరకడం కష్టం.