ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) బాగున్నట్టేనట! 4,800 రూపాయలు పోయాయి, మీరైనా చూసుకోండి

సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల కాంప్లెక్సు) షాపే. పేరు రాయను, తరచూ వెళ్లేవాళ్లకి ఈపాటికే వెలిగి ఉంటుంది. కంప్లైంటు ఇంతే: బ్రౌజింగ్‌కి, వర్డ్‌కి సిస్టమ్ బంగారం. గేమ్ మొదలెట్టిన రెండు నిమిషాలకి ఠప్పున ఆరిపోయి రీస్టార్ట్. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేని చిన్న గ్రాఫిక్స్ కార్డు.

ఇక అక్కడి పరీక్ష వినండి. టెక్నీషియన్ బోర్డు నుంచి 24 పిన్నుల పవర్ కనెక్టర్ పీకి, జెమ్ క్లిప్పు వంచి, ఆకుపచ్చ వైరుకీ పక్కనున్న నల్ల వైరుకీ గుచ్చాడు. ఫ్యాన్ తిరిగింది. "చూశారుగా సార్, ఎస్‌ఎంపీఎస్ సూపర్. బోర్డే పోయింది." పది సెకన్లు పట్టిందేమో. మీటర్ తియ్యలేదు, ఇంకో ఎస్‌ఎంపీఎస్ తగిలించలేదు. ఇంట్లో డ్రాయర్‌లో మల్టీమీటర్ పెట్టుకుని నేను అక్కడ గంగిరెద్దులా తలూపాను. సెకండ్ హ్యాండ్ బోర్డు, 4,800.

ఆ క్లిప్పు చెప్పేది ఒక్కటే: ఆన్ చెయ్యమంటే డబ్బా ఆన్ అవుతోందని. అప్పుడు దాని మీదున్న బరువల్లా ఆ ఫ్యాను, మహా అయితే రెండు మూడు వాట్లు. లోపల కెపాసిటర్లు ఎండిపోయిన ఎస్‌ఎంపీఎస్ కూడా ఆ మాత్రం లాగేస్తుంది. బండారం బయటపడేది లోడ్ పడ్డాకే.

ఇంటికొచ్చాక కొత్త బోర్డు మీదా అదే ఠప్పు. అప్పుడు దిగింది మబ్బు. మీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టి, సిస్టమ్ నడుస్తుండగానే నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్‌లో పసుపుకీ నలుపుకీ ప్రోబులు పెట్టాను. డెస్క్‌టాప్ స్క్రీన్ మీద ఖాళీగా ఉన్నప్పుడు 11.7 వోల్టులు. గేమ్ పెట్టగానే 11.3, 11.1, 10.9, చీకటి. ఆ పసుపు వైరు 12 వోల్టుల లైను, దానికి అటూ ఇటూ 5 శాతమే లెక్క, అంటే 11.4 కన్నా దిగకూడదు. ఊదా వైరు మీద స్టాండ్‌బై (సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా వచ్చే 5 వోల్టుల సరఫరా) 5.03, దానికేం రోగం లేదు, అందుకే ఆన్ మాత్రం ఠంచనుగా అవుతోంది. తెలిసినవాళ్ల ఎస్‌ఎంపీఎస్ తెచ్చి తగిలిస్తే రెండు గంటలు గేమ్ నడిచింది, 11.9 నుంచి కదల్లేదు.

అంటే నా పాత బోర్డుకి ఏమీ కాలేదు. అది అడుగుదామనే మళ్లీ వెళ్లాను. "అది స్క్రాప్‌కి వెళ్లిపోయింది సార్." రెండు రోజుల్లో! రీడింగులు చూపిస్తే ఓనరుగారు ఫోన్‌లోంచి తలెత్తకుండా, "మీటర్ కొన్నోళ్లందరూ టెక్నీషియన్లయితే మేమెందుకు సార్ షాపు పెట్టుకోవడం" అన్నారు. పక్కన కస్టమర్లు నవ్వారు. బిల్లు చూస్తే బోర్డు పేరు లేదు, సీరియల్ నంబర్ లేదు, "సర్వీస్" అని ఓ గీత, కింద అంకె. అది తీసుకుని జేబులో పెట్టుకున్న మేధావిని నేనే.

కొసమెరుపు: ఆ ఎస్‌ఎంపీఎస్ కూడా మూడేళ్ల కింద వాళ్ల దగ్గర కొన్నదే. డబ్బా మీద ఇంతేసి అక్షరాల్లో 450 వాట్లని. పక్కన స్టిక్కర్‌లో 12 వోల్టుల దగ్గర 16 ఆంప్స్. గుణించుకోండి, 192 వాట్లు. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తినేది ఈ లైను మీదే.

కాబట్టి, బోర్డు పోయిందంటే ముందు వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించి మీ కళ్లముందు చూపించమనండి. మీటర్‌లో అన్నీ సరిగ్గా ఉన్నా అదే ఆఖరి మాట కాదు, రిపుల్ (వోల్టేజిలో చాలా వేగంగా వచ్చే హెచ్చుతగ్గులు) మామూలు మీటర్‌కి దొరకదు. డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్ పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన మిగిలి ఉండొచ్చు. పాత పార్టు ఏదైనా సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి. నా హెచ్81 ఈపాటికి ఇంకెవరికో 4,800కి వెళ్లిపోయి ఉంటుంది.