పాత డిస్‌స్టన్ డి-8 రంపం: బిళ్ల చూసి కాదు, పళ్ళు చూసి కొనండి

అమెరికాలో ఉంటూ చెక్కపని మొదలుపెట్టేవాళ్ళు మొదటి చేతిరంపంగా ఏది కొనాలంటే, 26 అంగుళాల పాత డిస్‌స్టన్ డి-8, అందులోనూ 8 పాయింట్ల (అంగుళంలో పళ్ళ కొసల లెక్క) అడ్డకోత రంపం, అంటే చెక్క నారకు అడ్డంగా కోసేది. గరాజ్ సేల్స్‌లో పది, ఇరవై డాలర్లకు దొరకడం మామూలే. అయితే ఆకురాయి (ఫైల్) పట్టి పదునుపెట్టే ఓపిక ఉన్నవాళ్ళకే ఈ సలహా. లేనివాళ్ళు ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా దొరికే స్టాన్లీ లాంటి గట్టిపళ్ళ రంపం కొనుక్కుంటే సరిపోతుంది. దాని పళ్ళ కొసలు కాల్చి గట్టిపరచినవి, నల్లగా నీలం తిరిగి ఉంటాయి. చాలాకాలం పదును పోదు. పోయాక మాత్రం ఆకురాయి దానిమీద జారిపోతుంది తప్ప తినదు, ఇక పారేయాల్సిందే.

హెన్రీ డిస్‌స్టన్ ఇంగ్లండ్ నుంచి వచ్చి 1840లో ఫిలడెల్ఫియాలో రంపాల పని మొదలుపెట్టాడు. వీపు లోపలికి వంగి ఉండే డి-8 1874లో వచ్చింది. 1955లో కంపెనీ హెచ్.కె. పోర్టర్ అనే మరో సంస్థ చేతికి వెళ్ళింది, ఆ తర్వాతి సరుకు మునుపటి సాటి రాదు. పాతదో కొత్తదో పిడి పట్టుకుంటేనే తెలిసిపోతుంది. పాత పిడి అరచేతిలో గుండ్రంగా కూర్చుంటుంది, లోపలి అంచులన్నీ నునుపుగా చెక్కి ఉంటాయి. తర్వాతివి పలకలా మందంగా, అంచులు కోసుకుపోయేలా ఉంటాయి. పిడి మీద ఇత్తడి బిళ్ల చూసి మురిసిపోయేవాళ్ళు ఎక్కువ. ఆ బిళ్ల మీద ‘వారంటెడ్ సుపీరియర్’ అని ఉంటే అది ఏ ఒక్క కంపెనీ గుర్తూ కాదు, చాలామంది తయారీదారులు తమ రెండో రకం రంపాలకు వాడినది. బ్లేడు బాగుంటే అలాంటివీ నిరభ్యంతరంగా కొనొచ్చు.

చూడాల్సింది బ్లేడు. కొసను కంటి దగ్గర పెట్టుకుని పళ్ళ వరస వెంట పిడి దాకా చూడండి. మొత్తం మీద కొద్దిగా విల్లులా వంగితే భయం లేదు, ఎదురు దిశలో చేత్తో వంచి సరిచేయొచ్చు. ఒకే చోట మడత పడినట్టు కనిపిస్తే వదిలేయండి, దాన్ని సుత్తితో సరిచేయడం ఆరితేరినవాళ్ళ పని. పైపై తుప్పు సమస్య కాదు. పళ్ళకు దగ్గర్లో తుప్పు గుంటలు పడి ఉంటే మాత్రం వద్దు, పదునుపెట్టేటప్పుడు పక్కలకు వంచితే ఆ పళ్ళు విరుగుతాయి. కొస వైపు బ్లేడు వెడల్పు బాగా తగ్గి ఉంటే ఎన్నోసార్లు అరగదీసిన రంపమని అర్థం. పిడి కొమ్ము విరిగి ఉంటే పరవాలేదు, అతికించుకోవచ్చు. స్క్రూ పోతే ఆ కొలతది వెతకడం విసుగు.

పిడి కింద, బ్లేడు మడమ దగ్గర చిన్న అంకె గుద్ది ఉంటుంది. అది ఒక అంగుళంలో రెండు చివరలనూ కలిపి లెక్కపెట్టిన పళ్ళ కొసలు. 8 ఉందంటే అంగుళానికి 7 పళ్ళన్నమాట. పళ్ళు అరిగిపోయాక ఎవరైనా వేరే లెక్కలో కొత్త పళ్ళు తీసి ఉండొచ్చు, అందుకే స్కేలు పెట్టి చూసుకోండి. నిలువుకోతకు (నార వెంట కోయడానికి) 5½, అడ్డకోతకు 8 మామూలు వాడకం. ఒకటే కొంటే 8 తీసుకోండి, చిన్న నిలువుకోతలూ దాంతో సాగుతాయి, కాస్త ఆలస్యం అంతే.

శుభ్రం చేసేముందు పిడి తీయాలి. పాత డి-8లో బ్లేడు దూరే గాడి పైభాగం మూసి ఉంటుంది కాబట్టి స్క్రూలు విప్పాక బ్లేడును ముందుకు లాగాలి. పైకి ఎత్తబోతే చెక్క చీలుతుంది. చదునైన చెక్కముక్కకు 220 నంబరు గరుకు కాగితం చుట్టి నూనెతో రుద్దండి. ఎడమవైపు కంపెనీ రాత ఉండే చోట చెయ్యి తేలిగ్గా ఉంచండి.

ఇక పదును. పదునుపెట్టేవాళ్ళు ఎక్కువగా తప్పేది ఆకురాయి ఎంపికలోనే. 8 పాయింట్ల రంపానికి 6 అంగుళాల సన్నరకం ముక్కోణపు ఆకురాయి కావాలి. దాని ముఖం పంటి లోతుకు రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ ఉండాలి. అంతకన్నా చిన్నదైతే, మూడు మూలలూ తిప్పి వాడేటప్పుడు ఒక్కో ముఖం నడుమ భాగం రెండుసార్లు అరిగి ముందే మొద్దుబారుతుంది. పెద్దదైతే మూల మొండిగా ఉండి పళ్ళ సందు అడుగున దిగదు. ఆకురాయిని ముందుకే తోయాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తేయాలి. ఈడిస్తే దాని పదునే పోతుంది.

బ్లేడును రెండు చెక్కపట్టీల మధ్య వైస్‌లో బిగించండి. పళ్ళ అడుగు పట్టీల పైన 3 నుంచి 5 మిల్లీమీటర్లు కనిపిస్తే చాలు. ఎక్కువ పైకి ఉంటే బ్లేడు కంపించి, ఆకురాయి చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది, ముఖం గతుకులవుతుంది. ముందు చదునైన ఆకురాయితో పళ్ళ కొసలన్నీ ఒకే ఎత్తుకు తేవాలి. ఆకురాయి ఒరగకుండా దాన్ని చెక్కముక్క గాడిలో దూర్చి నడపండి. ప్రతి పంటి మీదా చిన్న మెరుపుచుక్క పడేదాకా, అంతే. కొన్ని పళ్ళ మీద పెద్ద మెరుపు, కొన్నిటి మీద సన్నటిది కనిపిస్తే ఎత్తు తేడా ఉందన్నమాట. ముందుగా పంటి వాలు సరిచేస్తూ మెరుపులన్నీ ఒకే సైజుకు తెచ్చాకే తర్వాతి పని.

అడ్డకోత రంపానికి పంటి ముందు ముఖం నిలువు నుంచి 15 డిగ్రీలు వెనక్కి వాలాలి. ఆకురాయి బ్లేడుకు అడ్డంగా కాక 20 డిగ్రీలు పక్కకు తిరగాలి, అప్పుడే పంటి పక్కన చాకులాంటి అంచు వచ్చి చెక్క నారను కోస్తుంది. నిలువుకోత రంపానికి వాలు 0 నుంచి 8 డిగ్రీలు చాలు, ఆకురాయి సరిగ్గా అడ్డంగా ఉండాలి. ఆ పళ్ళు ఉలుల్లా చెక్కను తోడేస్తాయి. కోణం చేతికి అందకపోతే, చిన్న చెక్కముక్కకు రంధ్రం పెట్టి ఆకురాయి కొసను అందులో వాలు కుదిరేలా దిగ్గొట్టండి. ముక్క పైభాగం నేలకు సమాంతరంగా ఉన్నంతసేపూ వాలు తప్పదు.

పళ్ళను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచేందుకు ఎక్లిప్స్ 77 లాంటి శ్రావణం వాడతారు. పంటి పై సగమే వంగాలి, అడుగు దాకా వంచితే విరుగుతుంది. శ్రావణం మీది అంకెలు పాయింట్ల లెక్కే అయినా వాటిని నమ్మేయకండి, తక్కువ వంపుతో మొదలుపెట్టండి. కోత వెడల్పు బ్లేడు మందానికి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. ఎండిన గట్టి చెక్కకు ఇంకా తక్కువ చాలు. పచ్చి మెత్తటి చెక్కకైతే ఎక్కువ కావాలి, లేదంటే బ్లేడు ఇరుక్కుంటుంది.

చివరి పదునులో పట్టు ఇక్కడే ఉంది. ఒక సందులో నడిచే ఆకురాయి ఒక పంటి వీపునూ, పక్క పంటి ముందు ముఖాన్నీ ఒకేసారి తింటుంది. అందుకని ఒకవైపు నుంచి సందు విడిచి సందు పడుతూ మెరుపును సగం మాత్రమే అరగదీయాలి. రంపాన్ని తిప్పి బిగించి, మిగతా సందులు పడుతూ మిగిలిన సగం తీసేయాలి. మెరుపు మాయమైన క్షణమే ఆపాలి, ఇంకొక్కసారి తోశారా ఆ పన్ను పొట్టిదవుతుంది. మొదటివైపే మెరుపంతా తీసేస్తే ఒక పన్ను పెద్దది, ఒకటి చిన్నది వచ్చి రంపం దడదడలాడుతుంది. అలా అయితే మళ్ళీ కొసలు సమం చేసి, పెద్ద పంటి వైపు ఒత్తిడి పెడుతూ మొదటినుంచి రావాల్సిందే, దగ్గరదారి లేదు.

గీతను వదిలి కోత ఒక పక్కకు లాగుతుంటే ఆ పక్క వంపు ఎక్కువైనట్టు. ఆ వైపు పళ్ళ మీద సన్నటి సానరాయిని పడుకోబెట్టి, పిడి నుంచి కొసకు ఒక్కసారి నడిపి, కోసి చూడండి.

ఇంత చేశాక డి-8 ఎలా కోస్తుందంటే, బ్లేడు పళ్ళ దగ్గర మందంగా, వీపు దగ్గర సన్నగా సానబట్టినది కావడంతో తక్కువ వంపుతోనే ఇరుక్కోకుండా సాగుతుంది. తోయక్కర్లేదు, బరువే పనిచేస్తుంది. లోపాలూ ఉన్నాయి. వీపుకు పట్టీ లేని రంపం కాబట్టి సన్నటి కుసులు (మరో చెక్క తొలిలో దూర్చే నాలుకలు) తీయడానికి పనికిరాదు, దానికి వీపుకు పట్టీ ఉన్న టెనాన్ రంపమే కావాలి. 26 అంగుళాల పొడవు పూర్తిగా వాడాలంటే మోకాలెత్తు బల్ల కావాలి. మామూలు టేబుల్ మీద పనిచేసేవాళ్ళు 20, 22 అంగుళాలవి చూసుకోండి.

ఊరికి తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు ఒక సంగతి గమనించండి. మన టేకులో సిలికా ఉంటుంది, పదును త్వరగా పోతుంది. రంపంతోపాటు పదునుపెట్టడం వచ్చిన చెయ్యి కూడా అక్కడ ఉంటేనే ఉపయోగం. ముక్కోణపు ఆకురాళ్ళు మోసుకెళ్ళక్కర్లేదు, జేకే ఫైల్స్ కంపెనీవి అక్కడే దొరుకుతాయి. శ్రావణం మాత్రం పట్టుకెళ్ళండి. పిడితో కలిపి రంపం పెద్ద సూట్‌కేసులోనూ పట్టడం కష్టం. విప్పితే 66 సెంటీమీటర్ల బ్లేడు ఐమూలగా పడుతుంది. చెక్-ఇన్ సామానులోనే వేయాలి, పళ్ళ వెంట చీల్చిన ప్లాస్టిక్ గొట్టం తొడిగి, స్క్రూలన్నీ ఒక చిన్న సంచీలో వేసి పిడికే కట్టేయండి.