కూల్చి కట్టాలా, బాగుచేసి నిలబెట్టాలా?

యుద్ధంలో దెబ్బతిన్న అపార్ట్‌మెంటును చూడగానే చాలామందికి తోచేది ఒకటే: పడగొట్టి కొత్తది కట్టేద్దాం. లెక్క వేస్తే అంత తేలిక కాదు. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో దాదాపు 7-8 శాతం సిమెంటు తయారీదే. పునాది, స్తంభాలు, స్లాబులు ఇంకా నిలిచే ఉన్నాయంటే ఆ కాలుష్యం ఎప్పుడో జరిగిపోయినట్టు. కూల్చితే మళ్లీ మొదటికొస్తుంది. బాగుచేసేటప్పుడే గోడలకు వేడి, చలి చొరబడని పొర (ఇన్సులేషన్), మంచి కిటికీలు పెడితే పాత ఇంటికన్నా తక్కువ ఇంధనంతో గడిచిపోతుంది. అస్థిపంజరం గట్టిగా ఉంటే నా ఓటు మరమ్మతుకే.

మంటల్లో కాలిన భవనం సంగతి వేరు. సుమారు 600 డిగ్రీల వేడిలో ఉక్కు బలం సగానికి పైగా పడిపోతుంది. చల్లారాక ఉక్కు చాలావరకు కోలుకుంటుంది కానీ కాంక్రీటుకు ఆ భాగ్యం లేదు. పైకి బాగానే కనిపించే స్తంభం లోపల పగుళ్లతో ఉండొచ్చు. నమూనా కోసి పరీక్షించకుండా రంగులు వేసి జనాన్ని కాపురం పెట్టించడం ప్రాణాలతో చెలగాటం. పరీక్షలో బలం పోయిందని తేలితే కూల్చాల్సిందే.

కూల్చినా శిథిలాలు పారేయనక్కర్లేదు. పోలండ్ రాజధాని వార్సాలోని మురానూఫ్ పేటను 1940ల చివర్లో మొదలుపెట్టి నాజీలు యూదులను నిర్బంధించిన ఘెట్టో శిథిలాల మీదే, ఆ ఇటుకలను నూరి చేసిన దిమ్మెలతోనే కట్టారు. (ఆ పొడిలో ఎందరి ఇళ్లు కలిశాయో తలచుకుంటే పొదుపు అని మెచ్చుకోవడానికి నోరు రాదు.) అయితే ఇప్పటి శిథిలాల్లో ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్బెస్టాస్ నార, పేలని బాంబులు ఉండొచ్చు. క్రషర్‌లో వేసేముందు వాటిని ఏరాలి.