అమెరికాలో పిల్లల దగ్గరికి పోతున్నారా? నోట్లు, కార్డు, బ్యాంకు: ఏది మేలు?

నల్లగొండలో గానీ మిర్యాలగూడలో గానీ అమెరికాలో పిల్లలున్న ఇల్లు లేని వీధి ఇప్పుడు వెతికితే గాని దొరకదు. వీసా రాగానే అమ్మానాన్నలకు మొదటి టెన్షన్ పచ్చళ్ల గురించి, రెండోది పైసల గురించి. పెట్టెలు కట్టే రోజు ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "పదివేల డాలర్ల దాకా ఎవరూ అడగరు బావా, తలా పదివేలు పట్టుకపోండ్రి."

ఈ మాట నమ్ముకుంటే అమెరికా దాకా పోనక్కర్లేదు, శంషాబాద్‌లోనే ఇరుక్కుంటారు. పదివేలు అనేది అమెరికా లెక్క. మన రిజర్వు బ్యాంకు లెక్క వేరు. అమెరికా వెళ్లే మనిషి ఒక్కో ప్రయాణానికి నోట్ల రూపంలో కొనగలిగేది 3,000 డాలర్లే. మిగతాది కార్డులోనో మరో రూపంలోనో తీసుకోవాలి. భార్యాభర్తలిద్దరికీ కలిపి 6,000. అంతకు మించి నోట్లు మీ పెట్టెలో ఉన్నాయంటే, ఇవి ఎక్కడ కొన్నారని కస్టమ్స్ వాళ్లు అడుగుతారు. ఎవరో తెలిసినాయన దగ్గర రసీదు లేకుండా కొన్న డాలర్లయితే దానికి జవాబుండదు. విదేశీ మారకం చట్టం కింద జరిమానా ఆ సొమ్ముకు మూడింతల దాకా వేయొచ్చు. అందుకే డాలర్లు కొన్న రసీదును పాస్‌పోర్టుతోపాటే పెట్టుకోవాలి. 50,000 రూపాయలు దాటిన కొనుగోలుకు నగదు తీసుకోరు, బ్యాంకు నుంచే కట్టాలి. మన రూపాయలైతే మనిషికి 25,000 దాటి బయటికి తీసుకెళ్లకూడదు. తిరిగొచ్చి దిగాక టాక్సీకి పనికొస్తాయని లక్ష రూపాయలు జేబులో పెట్టుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక అమెరికా గడప. అక్కడ ఇంతకు మించి తేకూడదనే హద్దే లేదు. 10,000 డాలర్లు దాటితే చెప్పాలి, అంతే. ఒక ఫారం ఉంటుంది, ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో కూడా నింపొచ్చు. దానికి ఫీజు లేదు, చెప్పినందుకు పన్ను వేయరు. కుటుంబమంతా ఒకే డిక్లరేషన్ ఇస్తే అందరి దగ్గర ఉన్నదీ కలిపి చూస్తారు. ఫారం తప్పించుకోవడానికే తలా కొంచెం పంచుకుంటే, ఆ పంచుకోవడమే నేరం. బావగారి సలహాలో ఈ ముక్క ఉండదు.

చెప్పకపోతే ఏమవుతుందో తెలియాలంటే హోసెప్ బజకాజియన్ కేసు చూడాలి. 1994 జూన్‌లో ఆయన భార్యతో, ఇద్దరు కూతుళ్లతో లాస్ ఏంజిలస్ ఎయిర్‌పోర్టులో అమెరికా నుంచి బయటికి పోయే విమానం కోసం నిలబడ్డాడు. నోట్ల వాసన పట్టే కుక్కలు వాళ్ల సామాన్లలో 2,30,000 డాలర్లు పట్టించాయి. పదివేలు దాటితే చెప్పాలని అధికారి వివరించి అడిగితే, తన దగ్గర 8,000, భార్య దగ్గర 7,000 ఉన్నాయని, ఇంకేం లేవని చెప్పాడు. చేతిసంచి, పర్సు అన్నీ వెతికితే లెక్క 3,57,144 తేలింది. అది దొంగ సొమ్మేమీ కాదు, అప్పు తీర్చడానికి తీసుకెళ్తున్న డబ్బేనని కోర్టే తేల్చింది. ప్రభుత్వం మాత్రం మొత్తం జప్తు చేస్తానంది. 1998లో అమెరికా సుప్రీంకోర్టు జడ్జీలు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు చీలి, చెప్పకపోవడమనే తప్పుకు అంత జప్తు మితిమీరిన శిక్ష అని కొట్టేసింది. చివరికి పోయింది 15,000 డాలర్ల జప్తు, 5,000 జరిమానా. నాలుగేళ్లు కోర్టుల చుట్టూ తిరగడం దీనికి అదనం. పైగా 2001లో అమెరికా వాళ్లు నోట్లను దాచి దేశం దాటించడాన్నే విడి నేరంగా చట్టంలో పెట్టారు. కాబట్టి ఆయన గెలిచాడు కదా అని ధైర్యపడితే కుదరదు.

సోదా విషయంలో మన పోలీసులతో పోల్చుకుంటే లాభం లేదు. సరిహద్దు దగ్గర అమెరికా అధికారికి వారంటు అక్కర్లేదు. పెట్టె, చేతిసంచి, మూసిన కవరు ఏదైనా తెరవొచ్చు. అడిగే ప్రశ్నలు మామూలువే: ఎవరి దగ్గరికి వచ్చారు, ఎన్నాళ్లుంటారు, ఖర్చు ఎవరిది, చేతిలో ఎంతుంది. వాళ్ల పౌరుణ్ణి వెనక్కి పంపలేరు, వీసా మీద వచ్చినవాళ్లను పంపగలరు. ఇంగ్లిషు తడబడితే తెలుగు మాట్లాడే మనిషి కావాలని అడగొచ్చు. అర్థం కాని ప్రశ్నకు తలాడించి "నో, నో" అనడం కన్నా అదే నయం.

మరి ఏది తీసుకెళ్లాలి? నన్నడిగితే, అమ్మానాన్నల ప్రయాణానికి నోట్లు మనిషికి అయిదారు వందల డాలర్లు చాలు. దారిలో తిండికి, విమానం తప్పితే ఒక రాత్రి గదికి సరిపోతాయి. మిగతాది ఫారెక్స్ కార్డులో, అంటే డాలర్లు ముందే ఎక్కించుకుని వాడుకునే కార్డులో. డాలర్లు ఎక్కించిన రోజు రేటే ఖాయం అవుతుంది, తర్వాత రూపాయి పడినా మీకు పట్టదు. కార్డు పోతే బ్లాక్ చేయించొచ్చు, నోట్ల కట్ట పోతే ఎవరికి చెప్పుకుంటారు? లోపాలు లేకపోలేదు. ఏటీఎంలో తీస్తే చార్జీ పడుతుంది, మిగిలిన డాలర్లు మళ్లీ రూపాయలు చేసుకుంటే రేటు తగ్గుతుంది. పిన్ నంబరు చీటీ మీద రాసి కార్డు వెనకాలే అతికించే మన అలవాటు ఒకటి. అది మానుకుంటే కార్డుకు సాటి లేదు.

కొడుకు ఇల్లు కొంటున్నాడు, పొలం అమ్మిన పైసలివ్వాలి అన్న సందర్భం వేరు. అక్కడ కార్డూ వద్దు, నోట్లసలే వద్దు. పాన్ కార్డు, పొలం అమ్మిన కాగితాలు పట్టుకుని బ్యాంకుకెళ్లి నేరుగా వాడి ఖాతాకు పంపాలి. ఏడాదికి మనిషికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటితే బ్యాంకు కొంత పన్ను ముందుగా పట్టుకుంటుంది, రిటర్న్ వేస్తే అది లెక్కలోకి వస్తుంది. నాలుగు సంతకాలు, రెండు రోజుల ఆలస్యం. ఎయిర్‌పోర్టులో ఎవరికీ జవాబు చెప్పే పని మాత్రం ఉండదు.

అన్నిటికన్నా చెడ్డది ఇంకొకటుంది, దాన్ని ఎవరూ పైసల లెక్కలో వేయరు. బయలుదేరే ముందురోజు రాత్రి పక్కింటామె వస్తుంది. "వదినా, మా పిలగాడు కూడా అక్కడే ఉన్నడు కదా, ఇది జర వాని చేతిల పెట్టు" అంటూ గమ్ము అంటించిన కవరిస్తుంది. విప్పి చూడటం మర్యాద కాదని మనవాళ్లు చీరల మధ్య పెట్టేస్తారు. దాంట్లో అయిదు వందలున్నాయో, అయిదు వేలున్నాయో తెలియదు. అధికారి ఎంతుందని అడిగితే చెప్పే అంకె తప్పవుతుంది. పదివేలు దాటి ఫారం నింపాల్సి వస్తే, ఆ డబ్బు ఎవరిదో, ఎవరి తరఫున తెస్తున్నారో కూడా అందులో రాయాలి. ఆమె మొహం మీదే కవరు విప్పి లెక్కపెట్టండి, లేదా వద్దనండి. కాస్త చిన్నబుచ్చుకుంటుంది, పోనీ.

తిరుగు ప్రయాణంలో లెక్క మళ్లీ మారుతుంది. పిల్లలు పెట్టిన డాలర్లు పదివేలు దాటితే అక్కడ బయలుదేరేటప్పుడూ చెప్పాలి. హైదరాబాద్‌లో దిగాక నోట్లే 5,000 డాలర్లు దాటినా, నోట్లూ ట్రావెలర్స్ చెక్కులూ కలిపి 10,000 దాటినా కస్టమ్స్‌కు డిక్లరేషన్ ఇవ్వాలి. ఏడెనిమిది వేలు తెచ్చేవాళ్లు అక్కడ అడగలేదు కదా అని ఇక్కడ నేరుగా గ్రీన్ చానల్‌లోంచి, అంటే చెప్పాల్సిందేమీ లేనివాళ్లు పోయే దారిలోంచి, నడిచేస్తారు, పట్టుబడేది ఇక్కడే. ఒంటిమీద సోదా చేస్తామంటే, ముందు గెజిటెడ్ కస్టమ్స్ అధికారి దగ్గరికో మేజిస్ట్రేటు దగ్గరికో తీసుకెళ్లమని అడిగే హక్కు మీకుంది. ఆడవాళ్లను ఆడ అధికారే సోదా చేయాలి. డిక్లరేషన్ మీద ముద్ర వేయించుకున్న కాపీని దాచుకోండి. ఆ డాలర్లు బ్యాంకులో మార్చేటప్పుడు అడిగేది దాన్నే.